ఏడో నంబరు ఫ్యూజు

పోయినవారం మీటరు గది తలుపుకి అంటించిన కాగితం ముందు నన్ను నేనే నిలబెట్టి వదిలేశాను. మధ్యలో మరిచిపోయినవాళ్ళ కోసం, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

మా అక్క పోయి నాలుగు నెలలైంది. ఈ గుర్రాల లాయంలోనే, తన గుర్రం ఉండే గదిలోనే, గడ్డి సర్దుతూ సర్దుతూ కూలిపోయింది. గుండె అన్నారు డాక్టర్లు. దాని గుర్రాన్ని నేను తీసుకున్నాను. ముసలిది, నింపాదిగా నడుస్తుందని అందరూ నత్త అంటారు. నేను బట్టలు కుట్టుకునేదాన్ని. గుర్రాలకి చలి దుప్పట్లు కుట్టడం వచ్చు గానీ గుర్రాన్ని ముట్టుకోవాలంటే ఇప్పటికీ చెయ్యి వెనక్కి లాక్కుంటాను. బావ గుర్రాల్ని ఊరూరా చేరవేసే లారీ నడుపుతాడు. అక్క పడిపోయిన రోజు ఎక్కడో దూరాన ఉన్నాడు, పదిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. నేను క్షమించలేదు. అక్కని సాగనంపిన వారానికే వేరే ఊళ్ళో గది తీసుకున్నానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి "బాగానే ఉన్నా" అంటాడు. నేను "ఊఁ" అంటాను. అంతే మా బంధుత్వం.

నత్తకి ఊపిరితిత్తుల జబ్బు. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు మూతికి గొట్టం తొడిగి మందు ఆవిరి పట్టించాలి. ఆ మిషన్ కరెంటుతో నడుస్తుంది. ఒక పూట మానేస్తే డొక్కలు ఎగరేస్తుంది. రెండు పూటలు మానేస్తే సూదేసి పైకి పంపించెయ్యడం తప్ప దారి లేదని గుర్రాల డాక్టరు మొహం మీదే చెప్పాడు. దగ్గే గుర్రాన్ని ఇంకెవరూ చేర్చుకోరు. ఐదు లాయాలకి ఫోన్ చేశాను. ఇది అంటుకునే జబ్బు కాదయ్యా అన్నా వినకుండా ఐదుగురూ పెట్టేశారు.

ఇక ఆ కాగితం. పన్నెండు గదుల లాయానికి కరెంటు లైను ఒక్కటే. ఎవరెంత వాడుతున్నారో తేలాలని నెల కిందట ఒక్కో గదికి ఒక్కో చిన్న మీటరు పెట్టించారు. నెల తిరిగేసరికి లెక్క రాసి తలుపుకి అంటించారు. ఏడో నంబరు మిగతావాళ్ళకంటే ఆరింతలు ఎక్కువ వాడింది. కింద ఎర్రసిరాతో ఒక ముక్క ఉంది. ఆదివారం అందరి ముందూ మాట్లాడతాం, నిజమైతే ఏడు ఫ్యూజు పీకేస్తాం.

ఏడో నంబరు నత్తది.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి నత్త మూతికి గొట్టం తొడిగి, మిషన్ ఆన్ చేసి జీన్ల గదికి వెళ్ళాను. గోడ పొడుగునా కొయ్యలకి జీన్లు, కళ్ళేలు వేలాడుతుంటాయి. తోలు వాసన, నూనె వాసన. ఆ వాసనంటే అక్కకి ప్రాణం. నాకు ఏ వాసనా సరిగ్గా తెలియడం లేదు ఈమధ్య. మొన్న షాపులో సూది వేల్లో సగం దిగాక రక్తం చూసి తెలుసుకున్నాను.

గుర్రాల వాళ్ళు ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళలో నోరున్నది పళ్ళ డాక్టరమ్మ ఒక్కతే. ఆవిడ మనుషుల పళ్ళు చూస్తుంది, ఇక్కడ ఆవిడకి తెల్ల ఆడగుర్రం ఒకటి ఉంది. మూలన ముక్కాలిపీట మీద నాడాల తాత కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఇక్కడి గుర్రాల డెక్కలకి నాడాలు కొడుతున్నది ఆయనే. ఎదురుగా లాయం యజమాని. ఆయన్ని అందరం పెద్దాయన అంటాం. గొంతు ఎప్పుడూ లేవదు, మొలకి తాళాల గుత్తి ఎప్పుడూ వేలాడుతుంది.

ఆయన వెనక గోడ మీద ఆయన చేతిరాతతోనే రెండు నియమాలున్నాయి. ఒకటి, నీళ్ళు కాచే రాడ్డు గానీ పెద్ద ఫ్యాను గానీ ఏది పెట్టినా ముందుగా గదుల వరస పొడుగునా వినపడేలా "పెడుతున్నా!" అని అరవాలి. అటునుంచి "పెట్టుకో!" అని వస్తేనే స్విచ్చి వెయ్యాలి. పాత లైను రెండు బరువుల్ని మోస్తుంది, మూడోది పెడితే మొత్తం పోతుంది. రెండు, గడ్డి ఉన్న గదిలో హీటరు పెట్టకూడదు. పెట్టినవాళ్ళు ఆ రోజే గుర్రంతో సహా ఖాళీ చెయ్యాలి. పాతికేళ్ళ కిందట ఎవరో గడ్డిలో హీటరు వదిలేసి వెళ్తే మూడు గుర్రాలు కాలిపోయాయట. పెద్దాయన ఎడమచేతి మీద ముడతలు పడిన చర్మం అప్పటిదే. దాని గురించి ఎవరూ అడగరు.

"రెండు వారాల్లో మూడుసార్లు లైను మొత్తం పోయింది" అంది డాక్టరమ్మ. "మోటారు ఆగిపోయింది. తొట్లలో చుక్క నీళ్ళు లేవు. నా గుర్రం ఖాళీ తొట్టి నాకుతోందండీ! మూడుసార్లూ నేను రాడ్డు పెట్టేముందు గొంతు చించుకుని అరిచాను. అందరూ అరుస్తారు. ఈవిడ అరవగా ఎవరైనా విన్నారా?"

అందరూ నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను. ఆవిడ అన్నది నిజమే, నేను అరవను. మొదటివారం ప్రయత్నించాను గానీ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పట్నుంచి వరసలో అటూ ఇటూ చూసి, ఎవరూ ఏదీ పెట్టలేదనుకుంటే స్విచ్చి వేస్తున్నాను.

"ఏమ్మా?" అన్నాడు పెద్దాయన. "నీ మిషన్‌కి పూటకి ఇరవై నిమిషాలు నేనే ఒప్పుకున్నాను. ఇది ఇరవై నిమిషాల లెక్కలా లేదు. ఇంకేమైనా పెడుతున్నావా?"

"లేదండి."

"మరి ఇంత ఎలా అయింది?"

"ఏమోనండి. ఆపడం మర్చిపోయి వెళ్ళిపోతున్నానేమో."

నాడాల తాత పీట మీదనుంచి లేచినంత పని చేశాడు. "అదేం మాట తల్లీ! చేశానా చెయ్యలేదా నీకు తెలీదూ?"

ఏం చెప్పను ఆయనకి? నాకు నిజంగానే తెలీదు. పోయినవారం షాపులో ఇస్త్రీపెట్టె ఎవరిదో ప్యాంటు మీద పెట్టి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. పొగ వచ్చాక పక్కషాపతను పరిగెత్తుకొచ్చాడు. ప్యాంటుకి త్రికోణం ఆకారంలో చిల్లు. దాన్ని చూసి కూడా నాకేమీ అనిపించలేదు, కొత్త గుడ్డ కొనివ్వాలి అనుకున్నానంతే. అలాంటిదాన్ని, మిషన్ రాత్రంతా వదిలేశానంటే కాదని ఏ మొహం పెట్టుకుని అంటాను?

"చూశారా, ఆవిడే ఒప్పుకుంటోంది" అంది డాక్టరమ్మ. గొంతులో వేడి తగ్గింది. "చూడండీ, మీ దుఃఖం నాకు తెలుసు. మీ అక్క నాకూ స్నేహితురాలే. కానీ ఇక్కడ ఇంకో పది గుర్రాలున్నాయి. వాటికీ నీళ్ళు కావాలిగా? ఒకరి గుర్రం కోసం అందరి గుర్రాలూ ఎందుకు అల్లాడాలి?"

"న్యాయమే" అన్నాను. నాకు న్యాయంగానే అనిపించింది. ఆవిడ ఇంకా పోట్లాటకి సిద్ధపడి వచ్చినట్టుంది, ఎదుటిమనిషి తలూపేసరికి ఏం చెయ్యాలో తోచక చేతిసంచీ తెరిచి మూసింది.

పెద్దాయన మొలకున్న తాళాల గుత్తి సర్దుకున్నాడు. తర్వాత లేచి, "నియమం నియమమే. నేనే పాటించకపోతే ఇంకెవరు పాటిస్తారు?" అని మీటరు గదివైపు నడిచాడు. అందరం వెనకాలే వెళ్ళాం.

మీటరు గది వరస చివర ఉంటుంది. దాని పక్కదే ఇప్పుడు నత్త ఉంటున్న గది. సగం తలుపు మీదనుంచి తల బయటపెట్టి, మూతికి గొట్టంతో, కళ్ళు సగం మూసుకుని నిలబడి ఉంది. గొట్టం అంచుల్లోంచి తెల్లగా ఆవిరి వస్తోంది. ఇంకా ఐదారు నిమిషాల మందు మిగిలి ఉంది. ఆ సంగతి పెద్దాయనకి చెప్పాలి. అయ్యా ఆగండి, ఇది పూర్తికానివ్వండి అనాలి. చెప్పాలని తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం కదల్లేదు. ఆయన బోర్డు తెరిచి, ఏడు అని రాసి ఉన్న ఫ్యూజు పట్టుకుని బయటికి లాగేశాడు.

"మిషన్ నడుస్తోందయ్యా!" అని అరిచాడు నాడాల తాత.

మిషన్ నడుస్తూనే ఉంది.

గుర్ మనే చప్పుడు ఆగలేదు. నత్త మూతి దగ్గర ఆవిరి తగ్గలేదు. పెద్దాయన చేతిలో ఫ్యూజు ఉంది, దానిమీద ఏడు అని ఉంది. అందరం తెల్లమొహాలు వేసుకుని నత్తని చూశాం. అదేమో మమ్మల్ని చూడను కూడా చూడలేదు, దాని ఊపిరి పని అది చూసుకుంటోంది.

"తప్పుది పీకారేమో" అంది డాక్టరమ్మ.

"చదువుకోమ్మా, ఏడు" అని పెద్దాయన ఫ్యూజు ఆవిడ మొహం ముందు పెట్టాడు. తర్వాత దాన్ని మళ్ళీ దూర్చాడు. అప్పుడు వినపడింది. వరస మధ్యలో ఎక్కడో సన్నగా ఝుం మని మొదలైంది. పీకాడు, ఆగిపోయింది. దూర్చాడు, మొదలైంది. ఇన్ని రోజులుగా ఆ చప్పుడు అక్కడే ఉన్నట్టుంది, ఎవరికీ పట్టలేదు. చివరికి పీకేసి, ఫ్యూజు జేబులో వేసుకున్నాడు.

నాడాల తాత సుత్తి తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఒక్కో తలుపునీ సుత్తితో తట్టుకుంటూ లెక్కపెట్టాడు. "ఒకటి. రెండు. మూడు." గుర్రాలు తలలు ఎత్తి ఈయనకి మతి పోయిందా అన్నట్టు చూశాయి. ఏడో తలుపు దగ్గర ఆగాడు. నత్తది చివరిదైన పన్నెండో తలుపు.

"ఓరి వీళ్ళ దుంపతెగ!" అన్నాడు. "ఆ కరెంటతను తలుపులు లెక్కపెట్టి మీటర్లు పెట్టాడు. మనం గుర్రాల్ని లెక్కపెడతాం!"

ఇది మా లాయం పద్ధతి, బయటివాళ్ళకి తెలీదు. ఇక్కడ నంబరు గదిది కాదు, గుర్రానిది. గుర్రానికో రేకు బిళ్ళ ఉంటుంది, దాని నంబరు, కింద సుద్దతో దాని తవుడు కొలత. గది మారితే బిళ్ళ కూడా గుర్రంతో పాటే మారుతుంది, లేకపోతే మేత వేసేవాళ్ళు తారుమారు చేస్తారు. అక్క పోయాక నత్త తన పాత గదిలోకి అడుగుపెట్టనని గుమ్మంలో మొండికేసింది. మూడురోజులు అలాగే నిలబడితే, దాని ఏడో నంబరు బిళ్ళతో సహా చివరి ఖాళీ గదిలోకి మార్చారు. ఆ తర్వాత ఏడు అంటే పన్నెండో తలుపని మాలో ఎవరికీ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని పడలేదు.

డాక్టరమ్మ మొహం వాడిపోయింది. "నన్ను క్షమించండి" అంది, ఈసారి నా మొహంలోకి చూస్తూ. "ఎన్నెన్ని మాటలన్నాను."

"ఫరవాలేదు" అన్నాను. నిజానికి నాకు ఊరట కలగాలి. నత్త ఇక్కడే ఉంటుంది, సూది గొడవ తప్పింది. ఊరట ఎలా ఉంటుందో గుర్తుంది గానీ అది నాదాకా రాలేదు.

ఎవరో అన్నారు, "మరి ఏడో తలుపు ఎవరిది?"

అందరూ ఆ తలుపువైపు తిరిగారు. అది అక్క పడిపోయిన గది. నత్తని మార్చిన రోజే పెద్దాయన తాళం వేశాడు. ఇప్పటికీ తాళం అలాగే వేలాడుతోంది, దానిమీద దుమ్ము కూడా అలాగే ఉంది. పెద్దాయన మొలనుంచి తాళాల గుత్తి తీసి వెతకడం మొదలుపెట్టాడు.

"నేను చూస్తానండి" అన్నాను. "ముందు నేనొక్కదాన్నే. ఆ గది..."

"సరేనమ్మా" అన్నాడాయన. పాపం, నేను అక్కని తలుచుకుని అంటున్నాననుకున్నాడు. నేనేం తలుచుకున్నానో నాకే తెలీదు. ఇంతమంది ఒక్కసారిగా ఆ గదిలోకి తొక్కుకుంటూ పోవడం నాకిష్టం లేదు, అంతే.

లాయం వెనక మైదానంవైపు ప్రతి గదికీ ఒక చిన్న తలుపుంది. చుట్టూ తిరిగి వెళ్ళాను. ఏడోదాని ముందు మట్టి నున్నగా అణిగి ఉంది, మనుషులు నడిచినట్టు. తోశాను. తెరుచుకుంది.

గడ్డి లేదు, నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. మూల నాలుగు ఇటుకలు పేర్చి వాటిమీద హీటరు. పక్కన కరెంటు పొయ్యి, దానిమీద గిన్నె. మడత మంచం. మంచం మీద, నేను కుట్టిన గుర్రం దుప్పటి కప్పుకుని, ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బు నురగతో, మా బావ.

గెడ్డం గీసుకునే బ్లేడు చేత్తో పట్టుకుని నన్ను చూసి, "కరెంటు పోయింది పొట్టీ" అన్నాడు.

నన్ను ఆయన పెళ్ళైన రోజునుంచీ పొట్టీ అనే పిలుస్తాడు. నేను తలుపు వెనక్కి వేసి దానికి ఆనుకుని నిలబడ్డాను.

"వేరే ఊళ్ళో గది తీసుకున్నానన్నావు."

"ఇది కూడా గదేగా."

"ఎన్నాళ్ళుగా?"

"మొదట్నుంచీ. లారీ పని ఉంటే పోతాను, లేకపోతే ఇక్కడే. లారీ రోడ్డు చివర టైర్ల షాపు వెనక పెడతాను, ఎవరికీ కనపడదు." బ్లేడు మంచం మీద పెట్టాడు. "ఆదివారం ఫోన్ చేసినప్పుడు నువ్వు అటు చివర్న స్టూలు మీద కూర్చుని ఎత్తుతావు చూడు. నీ 'ఊఁ' ఫోన్లోకంటే ముందు ఈ చెక్కగోడల్లోంచి వినపడేది."

"ఇంటికేమైంది?"

"ఇల్లు బాగానే ఉంది. నేనే ఉండలేకపోతున్నా." నురగ ఆరిపోయి చెంప మీద తెల్లగా పొక్కులు కడుతోంది. "మీ అక్క అవసరానికి ఇక్కడ లేను. ఇప్పుడుంటే ఏం లాభం అంటావు. లాభం లేదు. పడుకుంటే ఇక్కడైతేనే నిద్ర పడుతోంది, ఏం చెయ్యమంటావు?"

నాలుగు నెలలుగా ఈ మనిషిని ఎదురుగా నిలబెట్టి కడిగెయ్యాలనుకున్నాను. మాటలన్నీ సిద్ధంగా ఉండేవి. తీరా ఎదురుగా ఉంటే అవేవీ గుర్తుకు రాలేదు. జాలి వేసిందా అంటే అదీ లేదు. హీటరు వైపు చూశాను. ఇటుకల మీద పెట్టాడు, గడ్డి ఊడ్చాడు, జాగ్రత్తపడ్డాడు. కానీ అటు ఆరో గదిలో, ఇటు ఎనిమిదో గదిలో మోకాలెత్తు ఎండుగడ్డి ఉంది, మధ్య గోడలు చెక్కవి.

"అమ్మా, ఎవరున్నారు లోపల?" ముందువైపు తలుపు అవతల పెద్దాయన గొంతు.

బావ నావైపు చూశాడు. ఈ సంగతి బయటపడితే ఈయన లారీని ఈ లాయమే కాదు, ఏ లాయమూ గేటులోపలికి రానివ్వదు. ఈయనకి వచ్చిన పని అదొక్కటే. నేను వెనక తలుపు తీసి, చుట్టూ తిరిగి, జనం ముందుకొచ్చి నిలబడ్డాను.

"ఎవరూ లేరండి" అన్నాను. "హీటరుంది. అది నాదే."

ఇది నేను ఆలోచించి అన్నది కాదు. నోరు అంది, చెవులు విన్నాయి.

"నీదా?"

"అక్క గదిలో కాసేపు కూర్చుని వెళ్తుంటాను. చలికి పెట్టుకున్నా. ఆపడం మర్చిపోయా. తాళం తియ్యకండి, ఇప్పుడా గది చూడలేను."

పెద్దాయన చేతిలో తాళాల గుత్తి కిందికి దిగింది. నాడాల తాత సుత్తి కింద పెట్టాడు. ఇందాకటిదాకా నన్ను ఉతికి ఆరేసిన డాక్టరమ్మే ముందుకొచ్చింది. "పెద్దాయనా, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి. మనిషి మనిషిలా లేదు, చూస్తున్నారుగా."

"హీటరు, డాక్టరమ్మా" అన్నాడాయన. గొంతు లేవలేదు గానీ ఎడమచెయ్యి చొక్కా అంచుని పట్టుకుంది. "రెండువైపులా గడ్డి పెట్టుకుని మధ్యలో హీటరు. కరెంటు ఎక్కువ కాల్చిందంటే సర్దుకుందును. దీనికి నేను సర్దుకోలేను. నాకు నిద్ర పట్టదు." నావైపు తిరిగాడు. "ఇవాళే తీసుకెళ్ళమ్మా. నీకు దొరకడం కష్టం, లారీ నేనే పిలుస్తాను. మీ బావ ఎక్కడున్నా నా ఫోన్‌కి వస్తాడు."

వద్దని అనేలోపే నొక్కేశాడు.

ఏడో తలుపు వెనకాల ఫోన్ మోగింది.

ఒక్కసారి, రెండుసార్లు, మూడుసార్లు. పెద్దాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే తలుపువైపు తిరిగాడు. ఆపేస్తాడనుకున్నాను, ఆ మాత్రం తెలివి ఉంటుందనుకున్నాను. ఎత్తాడు.

"పెద్దాయనా" అన్నాడు బావ. ఆ మాట తలుపు వెనకనుంచీ వచ్చింది, ఫోన్లోంచీ వచ్చింది. "లారీ రాదండి. గుర్రాన్ని ఎక్కడికీ పంపకండి. హీటరు నాది. మా పొట్టికేం తెలీదు, ఇప్పుడే చూసింది."

చుట్టూ తిరిగి వచ్చాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా, గుర్రం దుప్పటి భుజాన వేసుకుని అందరి ముందూ నిలబడ్డాడు. ఎవరికీ నవ్వు రాలేదు. పెద్దాయన ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి నాతో అన్నాడు.

"అబద్ధం ఎందుకు చెప్పావో అర్థమైంది, దాన్ని వదిలేస్తున్నా. తప్పు నీది కాదు, నీ గుర్రానిదీ కాదు. నత్త ఇక్కడే ఉండొచ్చు, నీ మిషన్ నీ ఇష్టమొచ్చినంతసేపు పెట్టుకో. కానీ ఈ మనిషి మళ్ళీ ఈ గేటు తొక్కకూడదు. ఒంటరిగా గానీ లారీతో గానీ. ఈయన నాకు తెలీకుండా నాలుగు నెలలు ఉన్నాడు, మళ్ళీ రాడని నమ్మకమేంటి? నీ మాటైతే వింటాడు. వెళ్ళమని నువ్వే చెప్పు."

"చెప్పు పొట్టీ" అన్నాడు బావ. "అంతకంటే ఏం కావాలి? చెప్పేసెయ్."

చెప్పడం ఎంత తేలిక! వెళ్ళు అంటే చాలు. నత్త బతుకుతుంది. ఇన్నాళ్ళూ నేను అనాలనుకున్న మాట కూడా అదే, పైగా అందరి ముందూ అనే అవకాశం. ఆయన్ని చూశాను. సబ్బు నురగ ఎండి చెంప మీద అట్టకట్టి, ఒకపక్క మనిషిలా ఒకపక్క పిచ్చివాడిలా, నేను ఏమంటే అది పడటానికి నిలబడి ఉన్నాడు.

కోపం వచ్చింది.

ఎంత కోపమో చెప్పలేను. ఈయన మీద, ఈయన్ని ఇలా వదిలేసి పోయిన అక్క మీద, నాలుగు నెలలు ఇదే వరసలో ఈ మనిషి పడి ఉంటే స్టూలు మీద కూర్చుని 'ఊఁ' అన్న నా మీద. కళ్ళలోంచి నీళ్ళు కారాయి, ముక్కులోంచి కూడా కారాయి, కొంగుతో తుడుచుకున్నాను.

"నేను చెప్పను" అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది. వరసలో రెండు గుర్రాలు తలలు ఎత్తాయి. "ఈయన్ని గేటు బయటికి నెట్టి, రోజూ రెండుపూటలా ఈ తలుపు ముందునుంచి నేను నడవలేను పెద్దాయనా. ఇద్దర్నీ తీసుకుపోతాను."

"మతి పోయిందా?" అంది డాక్టరమ్మ. "ఎక్కడికి తీసుకుపోతారు? గుర్రం చచ్చిపోతుందండీ!"

"చచ్చిపోకుండా చూసుకోవాలి" అన్నాను.

పెద్దాయన ఆగమనలేదు, పొమ్మనలేదు. వెళ్ళి నత్త మూతికున్న గొట్టం తనే విప్పాడు. మిషన్‌ని గుడ్డతో తుడిచి, తీగ చుట్టి నా చేతికిచ్చాడు. నాడాల తాత నత్త నాలుగు డెక్కలూ ఎత్తి చూసి, నాడాలు గట్టిగానే ఉన్నాయి తల్లీ, ఎంత దూరమైనా ఫరవాలేదు అన్నాడు.

"ఎక్కడికి పొట్టీ?" అన్నాడు బావ.

"నాకేం తెలుసు? వెళ్ళి లారీ తీసుకురా. ముందు ఆ రెండో చెంప గీసుకో, చూడలేకపోతున్నా."

బావ వెళ్ళాడు. నత్త కళ్ళెం పట్టుకోవడానికి చెయ్యి చాపాను, ఈసారి వెనక్కి లాక్కోలేదు, దాని మూతి ఇంకా తడిగా, వెచ్చగా ఉంది. జీన్ల గది గోడ గడియారం పదింబావు చూపిస్తోంది. సాయంత్రం ఆరింటికి దానికి మళ్ళీ మిషన్ పెట్టాలి. మిషన్ నా చంకలో ఉంది, పెట్టడానికి ప్లగ్గు మాత్రం ఎక్కడా లేదు.